ఫాల్ట్ టాలరెన్స్ పెట్టాక వీఎం ఎందుకు నెమ్మదిస్తుంది: ముందే లెక్కేసి, కొలిచి, సరిచేసే పద్ధతి

వీఎంవేర్ వారి వీస్ఫియర్‌లో ఒక వర్చువల్ మెషీన్‌కి (వీఎం) ఫాల్ట్ టాలరెన్స్ (ఎఫ్‌టీ), అంటే ఒక సర్వర్ పోయినా వీఎం ఆగకుండా నడిచే ఏర్పాటు, పెట్టడం నాలుగు క్లిక్కుల పని. పెట్టాక సీపీయూ గ్రాఫ్ దాదాపు ఎప్పటిలాగే ఉంటుంది. అప్లికేషన్ వాడేవాళ్లు మాత్రం స్క్రీన్లు తెరుచుకోవడం లేదని ఫోన్లు మొదలుపెడతారు. గ్రాఫ్ అబద్ధం చెప్పడం లేదు, ఫోన్ చేసినవాళ్లూ అబద్ధం చెప్పడం లేదు. ఎఫ్‌టీకి మనం కట్టే ధరలో పెద్ద వాటా నిరీక్షణ రూపంలో పోతుంది. అది సీపీయూ గ్రాఫ్‌లో కనపడదు. ఏ అప్లికేషన్‌కి అది ఎంత తగులుతుందో ముందే అంచనా వేయవచ్చు, ఆ తర్వాత కొలిచి చాలావరకు తగ్గించుకోవచ్చు. కింది అడుగులు వీస్ఫియర్ 6.7, 7 వాడే అడ్మిన్ల కోసం.

లోపల ఏం జరుగుతోంది

ఒకే వీఎంకి రెండు హోస్టుల (వీఎంలు నడిచే భౌతిక సర్వర్ల) మీద రెండు ప్రతులు ఉంటాయి: ప్రైమరీ, సెకండరీ. ప్రైమరీలో మారిన మెమరీ పేజీలు, సీపీయూ రిజిస్టర్లు, పరికరాల స్థితి సెకనుకు ఎన్నోసార్లు చెక్‌పాయింట్లుగా సెకండరీకి వెళ్తుంటాయి. దీనికి తోడు ఒక కఠినమైన నియమం ఉంది. ప్రైమరీ బయటికి పంపే ఏ నెట్‌వర్క్ ప్యాకెట్ అయినా, దానికి దారితీసిన స్థితి మొత్తం సెకండరీకి అందిందని రసీదు వచ్చేదాకా హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) దగ్గరే ఆగాలి. "డబ్బు జమైంది" అని క్లయింటుకి చెప్పేశాక ప్రైమరీ హోస్ట్ పోయి, ఆ జమ సంగతి సెకండరీకి తెలియకపోతే ఇంత ఖర్చూ దండగే కదా.

ఆగడం ఎంతసేపో ఊహించడానికి రీమస్ లెక్క పనికొస్తుంది. 2008లో జెన్ హైపర్‌వైజర్ మీద వచ్చిన ఆ వ్యవస్థ సెకనుకు 40 చెక్‌పాయింట్ల దాకా తీసేది, అంటే 25 మిల్లీసెకన్లకు ఒకటి. ఒక చెక్‌పాయింట్ ముగిసిన మరుక్షణం తయారైన ప్యాకెట్ తర్వాతి చెక్‌పాయింట్ కోసం 25 మిల్లీసెకన్లు కూర్చోవాలి. సగటు తీస్తే 12.5. కాపీకి, రసీదుకి పట్టే సమయం దీనికి అదనం. మామూలు లాన్‌లో అర మిల్లీసెకనులో వచ్చే జవాబుతో పోల్చి చూడండి.

"ఎఫ్‌టీ భారం 10 శాతం లోపే" అనే మాట ఇప్పటికీ మీటింగుల్లో వినిపిస్తుంది. అది పాత ఎఫ్‌టీ గురించిన మాట. 2009లో వీస్ఫియర్ 4.0తో వచ్చిన ఎఫ్‌టీ చెక్‌పాయింట్లు వాడేది కాదు. ప్రైమరీకి వచ్చిన ఇన్‌పుట్‌లను లాగ్‌గా పంపితే సెకండరీ అవే ఆదేశాలను అదే వరుసలో మళ్లీ నడిపేది. 2010లో దాన్ని నిర్మించిన ఇంజినీర్లు ప్రచురించిన పత్రం ప్రకారం మామూలు అప్లికేషన్లలో నెమ్మది 10 శాతం లోపు, లాగింగ్‌కి కావాల్సిన బ్యాండ్‌విడ్త్ 20 ఎంబీపీఎస్ లోపు. అయితే ఆ పద్ధతి ఒకే వీసీపీయూకి (వీఎంకి ఇచ్చే వర్చువల్ సీపీయూ) పరిమితం. ఆ పత్రంలోనే ఇంకో కొలత ఉంది, దాన్ని ఎవరూ ఉటంకించరు. 1 జీబీపీఎస్ లాగింగ్ లింకు మీద, ఎఫ్‌టీ లేకుండా 940 ఎంబీపీఎస్ అందుకునే వీఎం, ఎఫ్‌టీతో 604 దగ్గర ఆగిపోయింది. పంపడంలో 855 వచ్చింది. వచ్చే ప్యాకెట్లన్నీ ఇన్‌పుట్‌గా మళ్లీ సెకండరీకి వెళ్లాలి కాబట్టి అందుకోవడమే భారీగా దెబ్బతింది. లాగింగ్ లింకును 10 జీబీపీఎస్ చేస్తే అదే 604 కాస్తా 860 అయింది.

2015లో వీస్ఫియర్ 6.0 బహుళ వీసీపీయూల కోసం చెక్‌పాయింట్ పద్ధతికి మారింది. అప్పుడు 4 వీసీపీయూల దాకా, 6.7 నుంచి 8 దాకా, 128 జీబీ మెమరీ దాకా అనుమతి వచ్చింది. ఈ కొత్త ఎఫ్‌టీలో భారం వీఎం ఎంత మెమరీని ఎంత వేగంగా మారుస్తోంది, బయటివాళ్లతో ఎన్నిసార్లు మాట్లాడుతోంది అన్న రెండింటిని బట్టి మారుతుంది. ఏ ఒక్క శాతమూ అందరికీ సరిపోదు.

అడుగు 1: ఈ వీఎంకి ఎఫ్‌టీ అవసరమేనా

ముందు అప్లికేషన్‌కి సొంత క్లస్టరింగ్ (ఒక సర్వర్ పోతే మరొకటి పని అందుకునే ఏర్పాటు) ఉందేమో చూడండి. పోస్ట్‌గ్రెస్‌కి స్ట్రీమింగ్ రెప్లికేషన్ ఉంది, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి ఆల్వేస్ ఆన్ ఉంది. ఇలాంటి డేటాబేస్‌ని ఎఫ్‌టీలో పెట్టడం దాదాపు ఎప్పుడూ తప్పు బేరమే. లైసెన్స్ సర్వర్లు, ఫ్యాక్టరీ యంత్రాలను నడిపే పాత నియంత్రణ సాఫ్ట్‌వేర్, తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూసేసినా మనం ఇంకా వాడుతున్న సర్వర్లు ఎఫ్‌టీకి సరైన చోట్లు. వీటికి క్లస్టరింగ్ ఉండదు, ఆగితే పని ఆగుతుంది, ట్రాఫిక్ తక్కువ.

మూడు నిమిషాలు ఆగినా ఫర్వాలేదంటే వీస్ఫియర్‌లోని మామూలు హెచ్‌ఏ (హై అవైలబిలిటీ) చాలు. హోస్ట్ పోతే అది వీఎంని మరో హోస్ట్ మీద బూట్ చేస్తుంది, రోజువారీ పనితీరుపై భారం ఉండదు. ఇంకో సంగతి: ఎఫ్‌టీ కాపాడేది హోస్ట్ పోవడం నుంచే. విండోస్ బ్లూ స్క్రీన్ వేస్తే సెకండరీలోనూ అదే బ్లూ స్క్రీన్ వస్తుంది. తప్పుడు క్వెరీతో టేబుల్ ఖాళీ అయితే రెండు ప్రతుల్లోనూ ఖాళీయే.

అడుగు 2: పెట్టకముందు కొలత

ఈ అడుగు దాటేస్తే తర్వాత వాదించుకోవడమే మిగులుతుంది. కనీసం ఒక పనిదినం మొత్తం, రద్దీ వేళలతో సహా, వీటిని నమోదు చేయండి:

- వేరే హోస్ట్ మీదున్న క్లయింట్ నుంచి వీఎంకి 1,000 పింగ్‌లు. సగటుతో పాటు 95, 99 పర్సెంటైళ్లు (నూటికి 95, 99 పింగ్‌లు ఎంత సమయం లోపు ముగిశాయో) కూడా రాసుకోండి.
- అసలు అప్లికేషన్ లావాదేవీ సమయం. డేటాబేస్ అయితే పీజీబెంచ్ వంటి సాధనాన్ని 16 క్లయింట్లతో 300 సెకన్లు, ఆ తర్వాత ఒకే క్లయింట్‌తో మరో 300 సెకన్లు నడపండి.
- డిస్క్ వేగం కొలిచే ఎఫ్‌ఐఓతో 4 కేబీ ర్యాండమ్ రైట్, క్యూ లోతు 1 (ఒకటి ముగిశాకే ఇంకోటి).
- నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్‌తో రెండు దిశల్లో విడివిడిగా బ్యాండ్‌విడ్త్.

ఇక్కడ చాలామంది ఒకచోట పప్పులో కాలేస్తారు. పరీక్ష సాధనాన్ని అదే వీఎంలో పెట్టి లోకల్‌హోస్ట్‌కి కనెక్ట్ చేస్తారు. ఎఫ్‌టీ ఆపేది వీఎం దాటి బయటికి వెళ్లే ప్యాకెట్లను మాత్రమే, వీఎం తనలో తాను మాట్లాడుకునే లూప్‌బ్యాక్ ట్రాఫిక్ జోలికి అది పోదు. దాంతో లోపల కొలిస్తే ఎఫ్‌టీకి ముందు, తర్వాత అంకెలు దగ్గరదగ్గరగా వస్తాయి, "భారమేం లేదు" అని రిపోర్ట్ వెళ్లిపోతుంది. కొలిచే క్లయింట్ వీఎం బయటే, ఎఫ్‌టీ లేని మెషీన్ మీదే ఉండాలి.

అడుగు 3: వనరుల లెక్క

మెమరీ సులువు. ఎఫ్‌టీ ఆన్ కాగానే వీఎం మెమరీ మొత్తం రిజర్వ్ అవుతుంది, రెండు చోట్లా. 32 జీబీ వీఎంకి 64 జీబీ పోయినట్టే. డిస్క్ కూడా రెట్టింపే, ఎందుకంటే 6.0 నుంచి సెకండరీకి సొంత వీఎండీకే (వర్చువల్ డిస్క్) ఫైళ్లు ఉంటాయి. రెండింటినీ ఒకే స్టోరేజ్ అర్రే మీద పెడితే స్థలంతో పాటు దాని మీద రాతల భారం కూడా రెట్టింపవుతుంది. వేరే డేటాస్టోర్, వీలైతే వేరే అర్రే ఎంచుకోండి.

హోస్టులు రెండైనా ఎఫ్‌టీ నడుస్తుంది. మూడో హోస్ట్ లేకపోతే మాత్రం, ఒకటి పోయాక కొత్త సెకండరీ పుట్టడానికి చోటు ఉండదు, రక్షణ లేకుండా నడవాలి. ఒక్కో హోస్ట్‌కి డిఫాల్ట్ పరిమితి 4 ఎఫ్‌టీ వీఎంలు, మొత్తం 8 ఎఫ్‌టీ వీసీపీయూలు. ప్రైమరీలూ సెకండరీలూ రెండూ ఈ లెక్కలోకి వస్తాయి. అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో పెంచుకునే వీలుంది గానీ, 10 జీబీపీఎస్ లింకు ఒక్కటే ఉన్నప్పుడు ఆ పని చేయకండి.

బ్యాండ్‌విడ్త్ అంచనా ఇలా వేయండి. వీఎం సెకనుకు 50,000 పేజీలు మారుస్తోందనుకుందాం. ఒక్కో పేజీ 4 కేబీ, అంటే సెకనుకు సుమారు 200 ఎంబీ, బిట్లలో 1.6 జీబీపీఎస్. డిస్క్ రాతలు సెకనుకు 50 ఎంబీ ఉంటే మరో 0.4. మొత్తం 2 జీబీపీఎస్. ఒకే పేజీ ఒక చెక్‌పాయింట్ లోపల వందసార్లు మారినా ఒక్కసారే వెళ్తుంది కాబట్టి ఇది పైకి వేసుకున్న అంచనా. 1 జీబీపీఎస్ లింకు మీద ఎఫ్‌టీ ఎందుకు కుదరదో ఈ ఒక్క లెక్కతో తేలిపోతుంది.

లైసెన్స్ కూడా చూసుకోండి. 6.7, 7లలో స్టాండర్డ్ ఎడిషన్‌తో 2 వీసీపీయూల వీఎం వరకే కుదురుతుంది. 8 వీసీపీయూలు కావాలంటే ఎంటర్‌ప్రైజ్ ప్లస్ ఉండాలి.

అడుగు 4: లాగింగ్ నెట్‌వర్క్

చెక్‌పాయింట్లు మోసే నెట్‌వర్క్‌ని లాగింగ్ నెట్‌వర్క్ అనే అంటారు. ఎఫ్‌టీ బాగోగులు తొంభై పాళ్లు ఇక్కడే తేలతాయి. ప్రతి హోస్ట్ మీద ప్రత్యేకంగా ఒక వీఎంకెర్నెల్ అడాప్టర్ (హోస్ట్ తన సొంత పనులకు వాడే నెట్‌వర్క్ పోర్టు) సృష్టించి, ఫాల్ట్ టాలరెన్స్ లాగింగ్ టిక్ పెట్టండి. నడుస్తున్న వీఎంని మరో హోస్ట్‌కి మార్చే వీమోషన్‌కి వేరే అడాప్టర్, వేరే ఫిజికల్ నెట్‌వర్క్ కార్డు ఉండాలి. రెండూ ఒకే 10 జీబీపీఎస్ పోర్టు పంచుకుంటే, హోస్టుల మధ్య భారం సర్దే డీఆర్‌ఎస్ ఏదో పెద్ద వీఎంని తరలించిన ప్రతిసారీ ఎఫ్‌టీ వీఎం జవాబులు సాగిపోతాయి. రోజులో అక్కడక్కడా వచ్చిపోయే, ఎవరికీ అంతుపట్టని నెమ్మదికి చాలాసార్లు కారణం ఇదే.

హోస్టుల మధ్య లేటెన్సీ మిల్లీసెకను లోపే ఉండాలి. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు పడుతుంది. హైదరాబాద్‌లో ప్రైమరీ, విజయవాడలో సెకండరీ పెడదామని అడిగేవాళ్లున్నారు. 250 కిలోమీటర్లు అనుకున్నా వెళ్లి రావడానికే 2.5 మిల్లీసెకన్లు, అదీ మధ్యలో ఏ స్విచ్చూ లేకుండా. ఆ దూరానికి రెప్లికేషన్ ఉంది, ఎఫ్‌టీ ఒకే డేటా సెంటర్‌లో ఉంచండి.

జంబో ఫ్రేములు (మామూలుకన్నా పెద్ద ప్యాకెట్లు) వాడితే ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 9000ని వీఎంకెర్నెల్ అడాప్టర్, వర్చువల్ స్విచ్, ఫిజికల్ స్విచ్ మూడు చోట్లా పెట్టాలి. ఆ తర్వాత వీఎంకేపింగ్‌ని (హోస్ట్ మీద నడిపే పింగ్ ఆదేశం) ఆ అడాప్టర్ నుంచే, ముక్కలు చేయొద్దనే ఆప్షన్‌తో, 8972 బైట్ల పరిమాణంతో నడపండి. 9000లో 28 బైట్లు ఐపీ, ఐసీఎంపీ హెడర్లకు పోతాయి కాబట్టి ఆ అంకె. మామూలు పింగ్ పనిచేసి ఇది చేయకపోతే మధ్యలో ఏదో స్విచ్ పోర్టు 1500 దగ్గరే ఉండిపోయిందని అర్థం.

లాగింగ్ ట్రాఫిక్ ప్రైమరీ నుంచి సెకండరీ వైపే ఎక్కువగా పారుతుంది. కాబట్టి ప్రైమరీలన్నీ ఒకే హోస్ట్ మీద పోగుపడకుండా చూడండి. రెండు ప్రైమరీలు ఇటు, రెండు అటు ఉంటే లింకు రెండు దిశలూ వాడకంలోకి వస్తాయి.

హోస్టుల బయాస్‌లో పవర్ ప్రొఫైల్ రెండు చోట్లా గరిష్ఠ పనితీరుకి మార్చండి. ఒక హోస్ట్ కరెంటు పొదుపు మోడ్‌లో ఉండిపోతే రసీదులు ఆలస్యమై, భారం ప్రైమరీ మీద పడుతుంది.

అడుగు 5: ఆన్ చేయడం

స్నాప్‌షాట్లన్నీ (ఒక క్షణంలో దాచిన వీఎం స్థితులు) తీసేయండి. సీపీయూ, మెమరీ హాట్ యాడ్ (వీఎం నడుస్తుండగానే వాటిని పెంచే వీలు) ఆపండి. హోస్ట్ సీడీ డ్రైవ్‌కి తగిలించిన లింకు, యూఎస్‌బీ, పాస్‌త్రూ పరికరాలు, ఫిజికల్ ఆర్‌డీఎం (వీఎంకి నేరుగా తగిలించిన స్టోరేజ్ డిస్క్), 2 టీబీ దాటిన డిస్క్ ఉంటే ఎఫ్‌టీ ఒప్పుకోదు. ఆ తర్వాత వీఎం మీద రైట్ క్లిక్, ఫాల్ట్ టాలరెన్స్, టర్న్ ఆన్. సెకండరీకి డేటాస్టోర్, హోస్ట్ ఎంచుకోవాలి.

వీఎం నడుస్తుండగానే ఆన్ చేయవచ్చు గానీ రద్దీ వేళ వద్దు. మొదటి సమకాలీకరణలో మెమరీ, డిస్కులు పూర్తిగా కాపీ అవుతాయి. 32 జీబీ మెమరీకి 10 జీబీపీఎస్ లింకు మీద ఎంత తక్కువన్నా 26 సెకన్లు. 500 జీబీ డిస్క్, స్టోరేజ్ సెకనుకు 500 ఎంబీ ఇవ్వగలిగితే, 17 నిమిషాలు. స్థితి "ప్రొటెక్టెడ్" అని మారేదాకా తీసిన కొలతలకు విలువ లేదు.

అడుగు 6: మళ్లీ కొలిచి అంకెలు చదవడం

అడుగు 2లోని పరీక్షలనే అదే క్లయింట్ నుంచి మళ్లీ నడపండి. పింగ్ సమయం పెరుగుతుంది, అది నియమం వల్ల రావాల్సిన పెరుగుదలే. అది అప్లికేషన్‌ని ఎలా దెబ్బతీస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఎఫ్‌టీ లేనప్పుడు జవాబు 0.5 మిల్లీసెకన్లలో, ఎఫ్‌టీతో 8 మిల్లీసెకన్లలో వస్తోందనుకోండి.

ఒక వెబ్ పేజీ డేటాబేస్‌ని వరుసగా 60 క్వెరీలు అడుగుతుంది, ఒకటి ముగిశాకే ఇంకోటి. ముందు 30 మిల్లీసెకన్లు పట్టింది, ఇప్పుడు 480. వాడేవాడికి తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అదే సర్వర్‌కి 200 మంది ఒకేసారి తలా ఒక క్వెరీ పంపితే, ఒక్కొక్కరికి 7.5 మిల్లీసెకన్లే పెరుగుతుంది, మొత్తం లావాదేవీల సంఖ్య పెద్దగా తగ్గదు. అందుకే 16 క్లయింట్ల పరీక్ష బాగుండి, ఒకే క్లయింట్ పరీక్ష ఘోరంగా ఉండటం మామూలే. పాత అప్లికేషన్లలో రాత్రి నడిచే బ్యాచ్ పనులు దాదాపు అన్నీ ఒకే క్లయింట్ తరహావే. పగలంతా సాఫీగా సాగి, తెల్లవారేసరికి ముగియాల్సిన బ్యాచ్ మధ్యాహ్నానికి జారడం ఈ లెక్క వల్లే.

ఫైళ్లు పంపే సర్వర్లలో ఇంకో రకం దెబ్బ ఉంది. టీసీపీ ఒక రౌండ్ ట్రిప్‌లో విండో పరిమాణం మేరకే పంపగలదు. విండో 64 కేబీ దగ్గర ఇరుక్కున్న పాత క్లయింట్, 8 మిల్లీసెకన్ల జవాబు సమయంతో సెకనుకు 8 ఎంబీ దాటలేదు. లింకు 10 జీబీపీఎస్ అయినా అంతే. 1 జీబీపీఎస్ నిండాలంటే విండో కనీసం 1 ఎంబీ ఉండాలి, కాబట్టి రెండు వైపులా విండో స్కేలింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

అడుగు 7: నెమ్మదిగా ఉంటే ఎక్కడ వెతకాలి

ముందు లాగింగ్ లింకు. హోస్ట్ మీద వనరుల వాడకం చూపే ఈఎస్‌ఎక్స్‌టాప్ నెట్‌వర్క్ తెరలో లాగింగ్ అడాప్టర్ పంపే వేగం చూడండి. 10 జీబీపీఎస్ లింకు మీద 7, 8 దగ్గర తిరుగుతుంటే అది నిండిపోయినట్టే లెక్క. ఒక ఎఫ్‌టీ వీఎంని వేరే జత హోస్టులకు మార్చండి. డ్రాప్ అయిన ప్యాకెట్లు సున్నా కాకపోతే కేబుల్, ఎంటీయూ, స్విచ్ బఫర్లు చూడాలి.

తర్వాత సెకండరీ హోస్ట్. దీన్ని మరచిపోవడం చాలా సహజం, ఎందుకంటే ఫిర్యాదు ప్రైమరీ గురించి వస్తుంది. సెకండరీ ఉన్న హోస్ట్ మీద సీపీయూ రెడీ శాతం (వీఎం సీపీయూ కోసం ఎదురుచూసిన సమయం) 5 దాటితే రసీదులు వెనకబడి, ప్రైమరీ బయటికి పంపే ప్యాకెట్లు పేరుకుంటాయి. సీపీయూ రిజర్వేషన్ పెట్టండి, అది సెకండరీకీ వర్తిస్తుంది. సెకండరీని ఖాళీగా ఉన్న హోస్ట్‌కి మార్చడం మరో దారి.

ఈ రెండూ శుభ్రంగా ఉంటే నేరం గెస్ట్ (వీఎంలో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్) లోపలి మెమరీ మార్పులది. జావా అప్లికేషన్లలో యంగ్ జనరేషన్ హీప్ (కొత్త ఆబ్జెక్టులు పుట్టే మెమరీ భాగం) పెద్దగా ఉంటే, కొత్త ఆబ్జెక్టులు ఆ మొత్తం మీదుగా రాసుకుంటూ పోతాయి, ఒక చెక్‌పాయింట్ లోపలే వేలకొద్దీ కొత్త పేజీలు మారతాయి. 4 జీబీ యంగ్ జనరేషన్‌ని 512 ఎంబీకి తగ్గిస్తే అవే పేజీలు మళ్లీ మళ్లీ వాడకంలోకి వస్తాయి. బదులుగా చెత్త ఏరివేత (గార్బేజ్ కలెక్షన్) తరచుగా జరుగుతుంది, ఆ రెండింటి మధ్య తూకం కొలిచే తేల్చుకోవాలి. యాంటీవైరస్ పూర్తి స్కాన్, పెద్ద ఫైళ్ల కాపీలు, గెస్ట్ లోపలి స్వాపింగ్ కూడా ఇదే బాపతు. ఫైల్ చదివినా పేజ్ కాష్ నిండుతుంది కదా, అదీ మెమరీ రాతే. స్కాన్లను రాత్రికి జరపండి, తాత్కాలిక ఫైళ్ల పని ఎఫ్‌టీ లేని వీఎంకి తరలించండి.

వీసీపీయూలు తగ్గించి చూడండి. 8 ఇచ్చిన వీఎం 2తో నడవగలిగితే, ఒకే సమయంలో మెమరీని మార్చే చేతులు తగ్గుతాయి. ఎఫ్‌టీ వీఎంకి "ఉంటే మంచిదే కదా" అని వీసీపీయూలు ఇవ్వకూడదు.

అప్లికేషన్ మీ చేతిలో ఉంటే, అసలు వైద్యం అక్కడే ఉంది. 60 క్వెరీలను 6కి కుదించడం, ఇన్సర్ట్‌లను వందేసి ఒక మూటగా పంపడం, కనెక్షన్ పూల్ వాడటం. పై ఉదాహరణలో 480 మిల్లీసెకన్లు 48 అవుతుంది. ఏ నెట్‌వర్క్ కార్డు మార్చినా ఇంత రాదు. ఇంకోటి, అప్లికేషన్ సర్వర్, డేటాబేస్ రెండింటికీ ఎఫ్‌టీ పెడితే ప్రతి క్వెరీకి అడగడంలో ఒకసారి, జవాబులో ఒకసారి ఆగాలి. రెండూ ఒకే వీఎంలో ఇమిడితే వాటి మధ్య మాటలు లూప్‌బ్యాక్ మీద నడుస్తాయి, ఆ నిరీక్షణే ఉండదు. మామూలుగా ఎవరూ సిఫారసు చేయని ఈ అమరిక ఎఫ్‌టీలో మాత్రం సబబే.

అడుగు 8: ఫెయిలోవర్ పరీక్ష

ఫాల్ట్ టాలరెన్స్ మెనూలో టెస్ట్ ఫెయిలోవర్ ఉంది. క్లయింట్ నుంచి లావాదేవీలు నడుస్తుండగా నొక్కండి. టీసీపీ కనెక్షన్లు తెగకూడదు, కొద్ది విరామం మాత్రం కనపడుతుంది. అసలు చూడాల్సింది ఆ తర్వాతి నిమిషాలు. సెకండరీ ప్రైమరీగా మారాక కొత్త సెకండరీ కోసం మెమరీ మొత్తం మళ్లీ కాపీ అవుతుంది, అప్పుడు జవాబు సమయాలు ఎగబాకుతాయి. ఆ ఎగుడు ఎంతసేపు ఉందో రాసుకుని, రద్దీ వేళ నిజంగా హోస్ట్ పోతే అంతసేపు భరించగలరా అని అప్లికేషన్ యజమానిని అడగండి.

అడుగు 9: నడిపే రోజుల్లో

ఎఫ్‌టీ వీఎంకి మామూలు స్నాప్‌షాట్ తీయలేరు. 6.0 నుంచి స్టోరేజ్ ఏపీఐ ద్వారా పనిచేసే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కి మాత్రం డిస్క్ స్నాప్‌షాట్ వీలుంది. మీ బ్యాకప్ ఉత్పత్తి ఎఫ్‌టీని సమర్థిస్తుందో లేదో మొదటి రోజే ఒక రిస్టోర్‌తో తేల్చుకోండి. స్టోరేజ్ వీమోషన్ (నడుస్తుండగానే డిస్కులను మరో డేటాస్టోర్‌కి మార్చడం) కూడా కుదరదు. డేటాస్టోర్ మార్చాలంటే ఎఫ్‌టీ ఆపి, తరలించి, మళ్లీ పెట్టాలి.

నెలాఖరు బ్యాచ్ వంటి భారీ పని ముందుంటే సస్పెండ్ వాడండి, టర్న్ ఆఫ్ కాదు. సస్పెండ్‌లో సెకండరీ, దాని సెట్టింగులు అలాగే ఉంటాయి, పని అయ్యాక రెజ్యూమ్ చేస్తే చాలు. టర్న్ ఆఫ్ చేస్తే సెకండరీ తొలగిపోయి, మళ్లీ అడుగు 5లోని డిస్క్ కాపీ మొత్తం మొదటినుంచి జరగాలి. సస్పెండ్‌లో ఉన్నంతసేపూ ఆ వీఎంకి ఎఫ్‌టీ రక్షణ ఉండదు. అందుకని రెజ్యూమ్‌ని బ్యాచ్ స్క్రిప్ట్ చివర్లోనే చేర్చండి, మనిషి గుర్తుపెట్టుకుంటాడని వదిలేయకండి.